గుంటూరు పద్యనాటకాల నాన్నకి న్యూయార్క్‌లో ఏ షో చూపించాలి?

పటమట అమ్మాయి:

అందరికీ నమస్తే. మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకుని న్యూయార్క్ పక్కన న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం, నేనూ మా పదేళ్ళ పాపా కూడా. నయాగరా, వాషింగ్టన్ లాంటివన్నీ తమ్ముడు చూసుకుంటాడు. ఒక పూట మాత్రం బ్రాడ్‌వేలో, అదే న్యూయార్క్‌లో పెద్ద నాటకాల థియేటర్లుండే చోట, ఏదో ఒక షోకి వెళ్దాం, ఏదో నువ్వే తేల్చక్కా అని నా మీద పడేశాడు. లిస్టు పంపాడు గానీ అందులో ముప్పై పేర్లున్నాయి, చూసేసరికి కళ్ళు తిరిగాయి.

అసలు చిక్కు మా నాన్న. డెబ్బై ఒకటి దాటాయి, గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయనకి సినిమాలంటే పెద్ద ఇష్టం లేదు, నాటకమంటే ప్రాణం. కురుక్షేత్రం పద్యాలు సగానికి పైగా నోటికొచ్చు, కరెంటు పోతే చాలు వరండాలో కూర్చుని రాయబారం ఎత్తుకుంటారు, కరెంటు వచ్చినా ఆపరు. ఇంగ్లీషు చదవగలరు గానీ అమెరికా వాళ్ళ మాట తీరు అందదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. పాపకి రెండు గంటలకు మించి ఓపికుండదు.

మొన్న నాన్నతో ఈ మాట అంటే "అక్కడ పద్యం ఉండదు కదమ్మా, నాకెందుకు, మీరు వెళ్ళిరండి, నేను ఇంటి దగ్గర ఉంటా" అన్నారు. అదే నాకు మనసులో పడిపోయింది. టికెట్టు ఒక్కోటి వంద డాలర్లు పైమాటే అంటున్నారు, ఐదుగురం. అంత పెట్టి ఆయన్ని తీసుకెళ్ళి నిద్రపుచ్చడం ఇష్టం లేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది చూశారు, వాళ్ళకి నచ్చిందా లేదా.

కృష్ణలంక కుర్రోడు:

అక్కా ఆలోచించకుండా హామిల్టన్ అనే షోకి వెళ్ళిపోండి. 2015 నుంచి రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌లో ఆడుతోంది, ఇప్పటికీ టికెట్ల కోసం కొట్టుకుంటున్నారు. నేను ఎమ్మెస్ చేసేటప్పుడు లాటరీ పెట్టి పెట్టి ఆఖరికి ఒకసారి కొట్టాను, జీవితంలో మర్చిపోను.

ఎడిసన్ ఇంటల్లుడు:

తమ్ముడూ, హామిల్టన్ గొప్పదే, కాదని ఎవరంటారు, కానీ అక్క అడిగిందేంటి నువ్వు చెప్పేదేంటి. అది చాలావరకు ర్యాప్, అదీ అమెరికా స్వాతంత్ర్యం నాటి రాజకీయాల మీద, రెండు ముప్పావు గంటలు. అక్కడ పుట్టి పెరిగిన మా అబ్బాయే పాటలు ముందు నాలుగుసార్లు విని వెళ్ళాడు. వాళ్ళ నాన్నగారు ఇంటర్వెల్‌కే ట్రైన్ టైమ్ అడుగుతారు.

పద్మ గారో ఎవరో, పేరు తెలియదు, పటమట అమ్మాయి గారూ, నేను మా అత్తమామల్ని రెండుసార్లు తీసుకెళ్ళాను, వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తా, అది మీరు చేయకండి. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంటుంది, ఆ రోజు షోలకి మిగిలిపోయిన టికెట్లు సగం ధర వరకూ తగ్గించి అమ్ముతారు. ఆశపడి క్యూలో నిలబడి, దొరికింది కదా అని షికాగో అనే షోకి తీసుకున్నా. పాటలు, డ్యాన్సు అద్భుతం. కానీ స్టేజి మీద వాళ్ళ బట్టలు చూసి మా అత్తగారు మొదటి పావుగంటలోనే కొంగు సర్దుకుని కార్పెట్ చూడటం మొదలెట్టారు, మామగారు ఇటు నా వైపు తిరగరు అటు ఆవిడ వైపు తిరగరు. నేను రెండు గంటల పైన అలా చెమటలు పట్టి కూర్చున్నా, ఏసీ చలిలో. బుక్ ఆఫ్ మార్మన్ కూడా ఇదే బాపతు, బట్టలు కాదు గానీ నోరు, బూతులు దండిగా ఉంటాయి. పాపతో అసలే వద్దు.

రెండోసారి లయన్ కింగ్. ఇద్దరికీ నచ్చింది. ఎందుకో రాత్రికి వివరంగా రాస్తా, ఇప్పుడు డ్రైవింగ్‌లో ఉన్నా.

మొగల్రాజపురం సుబ్బు:

డ్రైవింగ్‌లో ఇంత రాశావా బావా.

బ్రాడీపేట పెద్దాయన:

అమ్మా, మీ నాన్నగారు ఏ వీధో గానీ మా వాడే అనిపిస్తున్నాడు. ఆయనన్న మాట గురించి ఒకటి చెప్తాను. "పద్యం ఉండదు కదా" అన్నాడు. నిజమే. కానీ ఆయన రాత్రంతా మేలుకుని కురుక్షేత్రం చూసింది కథ తెలుసుకోవడానికి కాదు. చివరికి ఎవరు గెలుస్తారో ఆయనకి ఐదో ఏటనే తెలుసు. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు మారేవాళ్ళు, పడకసీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, గీతోపదేశానికి ఇంకొకరు, ఎవరు ఎలా ఎత్తుకున్నారు, ఏ రాగంలో పెట్టారు, ఎక్కడ సాగదీశారు అన్నదే చూసేది. కథ ముందే తెలిసి ఉండటం మన వాళ్ళ నాటకం చూపులో ఉన్న గుట్టు. కాబట్టి ఇంగ్లీషు అర్థమయ్యే షో కోసం వెతక్కు. కథ ముందే తెలిసిన షో కోసం వెతుకు, తెలియకపోతే తెలిసేలా చెయ్యి, మాట అర్థం కాకపోతే పోయింది.

ఉత్త గొంతు వినాలంటే ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా ఉండేది. నేను 2011లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. మాట ఒక్కటి అర్థం కాలేదు, ఆ ఆడమనిషి గొంతు పై స్థాయికి వెళ్ళి నిలబడితే నాకు తెలియకుండానే చెయ్యి తొడ మీద తాళం వేసింది. అది న్యూయార్క్‌లో ముప్పై అయిదేళ్ళు ఆడి 2023 ఏప్రిల్‌లో ఆగిపోయింది. లండన్‌లో 1986లో మొదలైంది, అక్కడికి వెళ్ళేవాళ్ళు చూడవచ్చు.

ఇంకొక మాట, కోప్పడకు. అయిదుగురికి పెట్టే ఆ డబ్బుతో సురభి వాళ్ళ చేత మీ వీధిలోనే ఒక నాటకం వేయించవచ్చు. మన దగ్గర కళాక్షేత్రంలో పరిషత్తు నాటకాలు ఊరికే చూపిస్తామన్నా ముందు రెండు వరసలే నిండుతున్నాయి, అందులో సగం మంది తర్వాత నాటకం వేయాల్సిన వాళ్ళే.

పటమట అమ్మాయి:

బాబాయి గారూ, కోపమెందుకండీ, మీరన్నది నిజమే. సురభి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. నాన్న చిన్నప్పుడు గుంటూరులో సురభి వాళ్ళు డేరా వేస్తే నేల టికెట్టు మీద మాయాబజార్ చూశారట. ఘటోత్కచుడు గాల్లో వస్తుంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఈయన మాత్రం తీగ కోసం వెతుకుతున్నారు. పెట్రోమాక్సు వెలుగులో ఒక్క క్షణం సన్నగా తళుక్కుమందట. మర్నాడు బడి ఎగ్గొట్టి డేరా వెనక్కి వెళ్తే ఇద్దరు మనుషులు ఆ తీగనే చుట్ట చుడుతూ, చింతపండు పెట్టి తోముతున్నారట. "ఏరా అబ్బాయ్ ఎగురుతావా" అని అడిగారట. ఈ కథ మేం కనీసం వందసార్లు విన్నాం.

ఎడిసన్ ఇంటల్లుడు:

ఇప్పుడు ఇంట్లో ఉన్నా, ప్రశాంతంగా రాస్తున్నా సుబ్బూ.

లయన్ కింగ్ ఎందుకు నచ్చిందంటే, మొదటి అయిదు నిమిషాల్లోనే పని అయిపోతుంది. తెర లేవగానే ఒకావిడ గొంతెత్తి పిలుస్తుంది. ఆ పిలుపు జులూ భాష, చుట్టూ కూర్చున్న తెల్లవాళ్ళకీ అర్థం కాదు, అక్కడ మీ నాన్నగారూ వాళ్ళూ సమానం. ఆ తర్వాత జంతువులన్నీ మన వెనక నుంచి, సీట్ల మధ్య దారిలో నడుచుకుంటూ స్టేజి మీదికి వెళ్తాయి. ఏనుగు మా మామగారి భుజానికి అడుగు దూరంలో వెళ్ళింది. నాలుగు కాళ్ళలో నలుగురు మనుషులు. మనుషుల్ని దాచరు, అదే అందం. సింహం మొహం తల పైన ఉంటుంది, దాని కింద నటుడి మొహం కూడా కనపడుతూనే ఉంటుంది, రెండూ ఒకేసారి నటిస్తుంటాయి. ఒకచోట నీడబొమ్మలు వాడతారు, మామగారు నా మోచేతిని గట్టిగా పట్టుకుని "ఇది మన తోలుబొమ్మలాటే రా" అన్నారు. అది డైరెక్ట్ చేసిన జూలీ టేమర్ చిన్న వయసులో కొన్నేళ్ళు ఇండోనేషియాలో ఉండి బొమ్మలాటలు చూసి వచ్చిన మనిషి, కాబట్టి ఆయనన్నది మరీ తప్పేం కాదు. ఇంకోటి, డప్పులు వాయించే వాళ్ళు పక్క బాల్కనీల్లో రెండు వైపులా కనపడుతూ వాయిస్తారు. మిగతా చాలా షోల్లో వాద్యాల వాళ్ళు స్టేజి ముందు గోతిలో ఉండి కనపడరు, నాటకాల వాళ్ళకి అది పెద్ద లోటు.

అమ్మగారి మోకాళ్ళకీ అదే మేలు. అది ఆడే మిన్స్‌కాఫ్ థియేటర్ 1973లో కట్టింది, ఎస్కలేటర్లు ఉన్నాయి. బ్రాడ్‌వే థియేటర్లు చాలావరకు వందేళ్ళ నాటివి, పై అంతస్తు మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు. ఏ షో అయినా సరే కింద ఆర్కెస్ట్రా అనే సెక్షన్‌లోనే తీసుకోండి, చౌక అని బాల్కనీ ఎక్కించకండి. లయన్ కింగ్‌కైతే నడక దారి పక్క సీట్లు, ఏనుగు కోసం.

టికెట్ మాత్రం షో సొంత వెబ్‌సైట్‌లో గానీ థియేటర్ కౌంటర్‌లో గానీ కొనండి. మొదటిసారి నేను ఫోన్‌లో వెతికితే పైన వచ్చిన సైటులో కొనబోయా, చివరి పేజీలో ఫీజులన్నీ కలిపి అసలు ధరకి దాదాపు రెట్టింపు చూపించింది. అది థియేటర్ వాళ్ళది కాదు, తిరిగి అమ్మేవాళ్ళది.

బెంజిసర్కిల్ టీచరమ్మ:

నేను అల్లాదీన్ అంటాను. కారణం ఒక్కటే, పెద్దాయన గారు చెప్పిన సూత్రం ప్రకారం చూసినా ఇదే. కథ తెలియని వాళ్ళెవరు? దీపం, భూతం, రాకుమారి, దొంగ మంత్రి, ఇవన్నీ మన జానపద కథల సరుకే. ఇంకా కావాలంటే 2019లో వచ్చిన సినిమా తెలుగు డబ్బింగ్ వేసి చూపించండి, జీనీకి వెంకటేష్, అల్లాదీన్‌కి వరుణ్ తేజ్ గొంతిచ్చారు. లయన్ కింగ్ కూడా అదే ఏడాది తెలుగులో వచ్చింది లెండి, సింబాకి నాని, విలన్ బాబాయికి జగపతి బాబు, పుంబా టిమోన్‌లకి బ్రహ్మానందం, అలీ. రెండూ చూపించి ఏది నచ్చితే దానికి వెళ్ళండి. పాపకీ తాతకీ ఒకే దెబ్బకి సరిపోతుంది.

ఇక తివాచీ. స్టేజి మీద నిజంగానే ఎగురుతుంది, ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని, నక్షత్రాల మధ్య. నేను రెండుసార్లు చూశా, తీగ కనపడలేదు. మీ నాన్నగారి సంగతి చదివాక ఇక వేరే మాటే లేదు.

న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అని ఆ థియేటర్ కూడా చూడదగ్గది. 1903లో కట్టింది, పాడుబడి ఉంటే డిస్నీ వాళ్ళు బాగుచేయించి 1997లో తెరిచారు, గోడల మీద పువ్వులు, నెమళ్ళు, లతలు. లయన్ కింగ్ మొదలైంది కూడా ఇక్కడే, తర్వాత మిన్స్‌కాఫ్‌కి మార్చారు.

కృష్ణలంక కుర్రోడు:

సరే హామిల్టన్ వదిలేస్తున్నా. హ్యారీ పోటర్? స్టేజి మీద మ్యాజిక్ కావాలంటే దాన్ని మించింది లేదు.

బెంజిసర్కిల్ టీచరమ్మ:

బాబూ, ఆ తాతగారికి ఏడు పుస్తకాల కథ ఎవరు చెప్తారు, నువ్వొస్తావా ఎడిసన్‌కి?

గవర్నర్‌పేట వాచీలాయన:

షో ఏదైనా సరే, ఒక్క మాట. టైమ్. కార్డు మీద ఆరు అంటే ఏడుకి తెర లేస్తుందని అనుకునే జాతి మనది. అక్కడ రెండింటికి అంటే రెండింటికే. ఆలస్యమైతే తలుపు దగ్గర ఆపి, వాళ్ళు చెప్పినప్పుడే లోపలికి పంపుతారు. మేం పార్కింగ్ వెతుక్కుంటూ పోయి మొదటి పాట మొత్తం తలుపు ఇవతల నిలబడి విన్నాం. మీరు ఎడిసన్ నుంచి కాబట్టి కారు వద్దు, ట్రైన్ ఎక్కితే గంటలోపు పెన్ స్టేషన్, అక్కడి నుంచి థియేటర్లు పావుగంట నడక, అమ్మగారికి కష్టమైతే టాక్సీ. బుధవారం మధ్యాహ్నం ఆట చూడండి, వారాంతం కంటే కాస్త చౌక, చుట్టూ అంతా రిటైరైన వాళ్ళే ఉంటారు, నాన్నగారికి తోడు. సోమవారం చాలా షోలకి సెలవు.

ఇంటర్వెల్ పదిహేను నిమిషాలే, ఆడవాళ్ళ బాత్రూమ్ క్యూ మెట్ల దాకా వస్తుంది. లైట్లు వెలగగానే అమ్మగారిని లేపండి. శాలువా తప్పనిసరి.

ఎడిసన్ ఇంటల్లుడు:

బాగా గుర్తుచేశారు. గాలాప్రో అని ఒక యాప్ ఉంది, చాలా షోలకి మాటలు ఎప్పటికప్పుడు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషు చదవగలరు అన్నారుగా. కానీ ముందు పది నిమిషాలు వాడి ఆపేయమనండి, లేకపోతే నాటకం వదిలేసి ఫోన్ చదువుతూ కూర్చుంటారు.

ఇంకా, "వన్స్ మోర్" అనకూడదని ముందే చెప్పండి. మామగారు అన్నారు. పద్యం బాగుంటే నోటుకి పిన్ను గుచ్చి చదివింపులిచ్చే ఊరి మనిషి, ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా.

పటమట అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి లయన్ కింగ్, ఈ రాత్రి అల్లాదీన్ తెలుగులో పెట్టాం. లయన్ కింగ్ చూసి నాన్న "బాబాయే అన్నని చంపి సింహాసనం ఎక్కాడా, బాగుంది" అన్నారు, అంతే. అల్లాదీన్‌లో తివాచీ లేచేసరికి కుర్చీలో ముందుకి జరిగారు. "ఇది స్టేజి మీద ఎగరేస్తారా? జనం ముందు? ఎలాగ?" అన్నారు. ఎలాగో తెలియదట నాన్నా అన్నాను. కాసేపాగి, ఏ రోజు వెళ్తున్నాం అన్నారు. ఇంటి దగ్గర ఉంటానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

తమ్ముడు బుధవారం మధ్యాహ్నానికి కింద సెక్షన్‌లో అయిదు టికెట్లు తీశాడు. వెళ్ళొచ్చాక రాస్తా.

పటమట అమ్మాయి:

వెళ్ళొచ్చాం. తీరిక దొరక్క ఆలస్యమైంది.

అమ్మకి గోడల మీద నెమళ్ళు అన్నిటికంటే నచ్చాయి. పాప మొత్తం చూసింది, ఒక్కసారి కూడా టైమ్ అడగలేదు. ఉచితంగా ఇచ్చే ప్లేబిల్ పుస్తకంలో ఒక చీటీ పెట్టారు, ఫలానా వేషం ఈ రోజు ఫలానా ఆయన వేస్తున్నారని. నాన్న అది చదివి "ఇక్కడా కృష్ణుళ్ళు మారతారన్నమాట" అని, చీటీతో సహా పుస్తకం మడతపడకుండా చొక్కాలో పెట్టుకున్నారు.

మొదటి సగం చివర్లో, గుహలో జీనీ పాట ఒకటి ఉంది, ఏడెనిమిది నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వడు. అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు. నాన్న కూడా లేచారు. తమ్ముడు ముందే చెప్పాడు, నేనూ చెప్పా, ట్రైన్‌లో కూడా చెప్పా. అయినా అనేశారు, గుంటూరు గొంతుతో, "వన్స్ మోర్!" అని. ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను తల దించుకున్నా. ఆయన నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించాడు.

రెండో సగంలో తివాచీ. లైట్లు తగ్గగానే నాన్న కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచి పెట్టుకున్నారు. పాట నడుస్తున్నంతసేపూ ఆయన అల్లాదీన్‌నీ చూడలేదు, రాకుమారినీ చూడలేదు, తివాచీకి పైన ఉన్న చీకట్లోకే చూస్తున్నారు. నేను ఆయన్నే చూస్తున్నా కాబట్టి నాకూ ఆ సీను సరిగ్గా తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో తమ్ముడితో ఒకటే వాదన. వీడు ఇంజనీరు, అయస్కాంతం అంటాడు, కింద నుంచి ఏదో చెయ్యి అంటాడు. నాన్న ఒప్పుకోరు. "తీగే రా. ఎడం పక్క రెండు నక్షత్రాల మధ్య ఒక్కసారి మసకేసింది" అంటారు. మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ అడిగారు, అమ్మా, ఆ థియేటర్ వెనక వైపు సందు ఏదైనా ఉంటుందా అని.